మెట్టెక్కని మాస్టారు

జూన్ 3

మావయ్యా,

నిన్న ఫోన్లో నేను అరిచింది పక్కింటి వాళ్ళందరికీ వినపడింది, నీకు తప్ప. ముప్ఫై ఏళ్ళు అచ్చు యంత్రాల పక్కన కూర్చున్న చెవులు, వాటిని అని ఏం లాభం. అందుకే కాగితం పట్టాను.

కబురు మంచిదే. ఊళ్ళో కొత్త సభాభవనానికి తాతయ్య పేరు పెడుతున్నారు. ఆగస్టు ఇరవైన బోర్డు తెరుస్తారు. బోర్డు మీద అసలు పేరుతో పాటు "మెట్టెక్కని మాస్టారు" అని కూడా చెక్కిస్తున్నారట. అమ్మ ఆ రోజుకి కట్టుకునే చీర ఇప్పటినుంచే ఇస్త్రీ చేయించి పెట్టింది.

భవనం లోపల జిల్లా ఉద్యమం మీద ఫోటోల ప్రదర్శన. లైబ్రరీలో పాత పేపర్ల గది చూసేది నేనే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఫోటోలు ఏరాలి, ఒక్కో దాని కింద ఎవరెవరో పేర్లు రాయాలి. వాటిలో ముఖ్యమైనది ఏదో నీకు చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళ కిందట జిల్లా కేంద్రాన్ని ఏటి అవతలి ఊరికి మారుస్తామంటే ఊరంతా రెండు నెలలు రోడ్డు మీద కూర్చోవడం, చివరికి అయిదుగురు పెద్దలు రాజీ మాటలకని జిల్లా ఆఫీసుకి వెళ్ళడం, వాళ్ళలో దర్జీ చేతిలో కవరుతో అందరికంటే ముందు మెట్లెక్కెయ్యడం, మన తాతయ్య ఒక్కడే మెట్టెక్కకుండా నేల మీద నిలబడిపోవడం. మర్నాడు పొద్దున్నే ముప్ఫై ఒక్కమందిని పేరుపేరునా పట్టుకెళ్ళారు. కవరులో ఉన్నది వాళ్ళ పేర్లేనని పసిపిల్లలకి కూడా తెలుసు. ఈ కథ నాకు అన్నం ముద్దలతో పాటు పెట్టి పెంచారు.

మెట్ల దగ్గర తీసిన ఆ ఫోటో కోసం నిన్న ఆ నెల పేపర్లు కుట్టిన సంపుటం తీశాను. ఫోటో లేదు. ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. పేజీలో కిటికీ తెరిచినట్టు ఇంత కన్నం. కింద పేర్లు మాత్రం మిగిలాయి, ఎడమ నుంచి కుడికి అని, మొదట దర్జీ, చివర తాతయ్య.

నాకు ఒకావిడ మీద అనుమానంగా ఉంది. బస్సు కండక్టరు. ప్రతి వారం సెలవు రోజున వచ్చి ఆ ఒక్క సంపుటమే అడుగుతుంది. చదవదు. ఆ కన్నం వైపు కాసేపు చూసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోతుంది. దొంగ తాను కన్నం వేసిన గోడని మళ్ళీ మళ్ళీ చూసుకుంటాడంటారు కదా.

ఆ రోజు పేపర్లో ఆ ఫోటో అచ్చెయ్యడానికి రేకు మీద బ్లాకు తయారుచేసింది నువ్వే. నీ దగ్గర ఆ ఫోటో ఉండే ఉంటుంది. ఇంకో సంగతి. మన ఇంటి పేరు నిలబెట్టిన ఫోటో మన ఇంట్లో ఒక్క కాపీ కూడా లేదేమిటి?

వెంటనే రాయి. 
నీ చీమ

*

జూన్ 12

చీమా,

ఉత్తరం అందింది. నీ చేతిరాత మీ అమ్మ చేతిరాత కంటే నయం, మా నాన్న చేతిరాతకి ఆమడ దూరం.

ఇక్కడ నా రబ్బరు ముద్రల కొట్టు ఎప్పటిలాగే ఉంది. రోజుకి ముగ్గురొస్తారు, ఇద్దరు బేరమాడి వెళ్ళిపోతారు. నిన్న ఒకాయన "ఖరారు చేయడమైనది" అని ముద్ర కావాలన్నాడు. ఏం ఖరారు చేస్తారండీ అంటే, ముందు ముద్ర ఉంటే తర్వాత ఏదో ఒకటి దొరుకుతుందన్నాడు. అలాంటి ఆఫీసు మనిషి.

నీ కన్నం సంగతి. పాత కాగితాల గదిలో ఎలుకలు ఉంటాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పుపెట్టుకుంటామా? ఉన్న ఫోటోలతో పని కానిచ్చెయ్యి. నాన్నవి మూడు పంపిస్తున్నాను. బడి మెట్ల మీద పిల్లలతో ఒకటి, బల్ల దగ్గర పెన్ను పట్టుకుని ఒకటి, ఊరేగింపులో జెండాతో ఒకటి. పెన్నుతో ఉన్నది పెద్దది చేయించు, బాగుంటుంది.

ఆ ఫోటో నా దగ్గర లేదు. రోజుకి పది బ్లాకులు తీసేవాణ్ణి. నువ్వు రోజూ ఎన్ని పుస్తకాలకి అట్టలు వేస్తావు, వాటిలో ఏముందో నీకు గుర్తుంటుందా?

కండక్టరంటున్నావు, ఆవిడకి ఎడమ కనుబొమ్మ మీద అడ్డంగా మచ్చ ఉందా? ఉంటే మాత్రం ఏ కాగితమూ ఇవ్వకు. బోర్డు తెరిచేవరకూ ఆ గదికి తాళం వేసి ఉంచు. 

అమ్మని అడిగానని చెప్పు. మోకాళ్ళకి నూనె రాయమను.

మావయ్య

*

జూన్ 20

మావయ్యా,

మచ్చ ఉంది. ఎడమ కనుబొమ్మ మీద, నువ్వు చెప్పినట్టే అడ్డంగా. నువ్వు ఈ ఊరు వదిలి ముప్ఫై ఏళ్ళు. ఆవిడ ఈ ఊరికి మళ్ళీ వచ్చి రెండేళ్ళు. ఆవిడ మొహం మీద మచ్చ నీకెలా తెలుసు?

అడుగుదామని ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ దర్జీ గారి కూతురు. తండ్రికి ఎనభై నాలుగేళ్ళు, బతికే ఉన్నాడు. బస్ డిపో వెనక అద్దె గదిలో ఉంటున్నారు. నేను మాస్టారి మనవరాలినని చెబితే లేచిపోతుందనుకున్నాను. లేవలేదు. "తెలుసమ్మా, అందుకే నీ దగ్గరికే వస్తున్నాను" అంది. తండ్రి ఇన్నేళ్ళుగా ఒకటే మాట అంటున్నాడట, మెట్టెక్కనిది నేను, అని. ఊరంతా నవ్విందట. "మా నాన్న పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. కవరు అనేవాళ్ళు. నేను కవరు కూతుర్ని. కొట్టు తలుపు కింద నుంచి ఖాళీ కవర్లు తోసేవాళ్ళు." ఏడుస్తుందేమోనని చూశాను. టికెట్టు ధర చెప్పినట్టు చెప్పింది.

ఎలుకల సంగతి. ఎలుక నాలుగు మూలలూ గీత గీసినట్టు కొయ్యదు మావయ్యా. సంపుటాలు ఎవరెవరికి ఇచ్చామో రాసే పుస్తకం తీశాను. ఆ సంపుటాన్ని కండక్టరు కంటే ముందు అడిగింది ఒక్కరే, పందొమ్మిదేళ్ళ కిందట. సంతకం నీది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నది నువ్వు.

ఫోటో దొరికింది. కండక్టరు తెచ్చింది. వాళ్ళ నాన్న కొలతల పుస్తకంలో ఆ పేపరు మడత పెట్టి దాచుకున్నాడట. మొదటిసారి చూశాను. అయిదు వీపులు. అందరివీ తెల్ల చొక్కాలే. మొహాలు లేవు. చుక్కచుక్కలుగా అచ్చు. ఎడమ చివర ఒకడు పైమెట్టు మీద, చేతిలో కవరు. కుడి చివర ఒకడు నేల మీదే. కింద పేర్లు లేకపోతే ఎవరు ఎవరో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఇంకొకటి చూశాను. గుమ్మం పైన గోడ గడియారం. అంకెలు లేవు, గీతలే. ముళ్ళు ఎనిమిదీ ఇరవై చూపిస్తున్నాయి. వార్తలోనేమో పెద్దలు మధ్యాహ్నం మూడూ నలభైకి లోపలికి వెళ్ళారని రాశారు. అంటే ఊరికి తెలియకుండా పొద్దున్నే ఒకసారి వెళ్ళొచ్చారా? మధ్యాహ్నం జరిగింది నాటకమా? తాతయ్య కూడా పొద్దున వెళ్ళాడా?

నువ్వు ఎందుకు కోశావో చెప్పు. మామూలుగా చెప్పు, ముద్రల కథలు వద్దు.

చీమ

*

జూన్ 29

అమ్మాయ్,

నిన్ను ఎవరు ఎగదోస్తున్నారు?

నాకు తెలుసులే. భవనానికి వేరే పేరు పెట్టించాలని చూసే జనం ఆ ఊళ్ళో తక్కువేం లేరు. ఒక కండక్టరు సంచీలో కాగితం పెట్టుకుని నీ దగ్గరికొచ్చింది. నువ్వు కళ్ళద్దాలు సవరించుకుని చూశావు. నీ ఉద్యోగం మాస్టారి మనవరాలివని ఇచ్చారన్న సంగతి గుర్తుంచుకో. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?

గడియారం చెడిపోయింది. ఆ ఆఫీసులో ఏ గడియారమూ ఎప్పుడూ సరిగ్గా నడవలేదు. చెడిపోయిన గడియారం చూసి చచ్చిపోయిన మనిషి మీద అనుమానపడకు.

ఫోటో నేనే కోశాను. నేను చేసిన బ్లాకు, నాకు ముచ్చటేసింది, కోసుకున్నాను. తప్పే. జరిమానా ఎంతో రాయి, కట్టేస్తాను.

మచ్చ గురించి ఏమీ లేదు. ఊళ్ళో ఎవరో చెప్పారు. చిన్నప్పుడు రాయి తగిలిందట.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఆ పేపరు ఆవిడకి తిరిగి ఇచ్చెయ్యి. ఆగస్టు ఇరవై దాటాక నేనే ఆ ఊరు వస్తాను, అన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం. ఈలోపు అమ్మకి ఏమీ చెప్పకు. దానికి రక్తపోటు.

ఇంకా నీ మావయ్యనే

*

జూలై 8

మావయ్య గారికి,

మీరు గడియారం చెడిపోయిందన్నారు. వెళ్ళి చూసొచ్చాను.

ఇప్పుడది పింఛన్ల ఆఫీసు. మెట్లు అవే, ఏడు. గడియారం అదే, గీతలే. మీరన్నట్టు చెడిపోలేదు, నా చేతి గడియారంతో కలిసే నడుస్తోంది. అక్కడి బంట్రోతు దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటాడు. వాళ్ళ నాన్న కూడా అక్కడే బంట్రోతు. ఆయన హయాంలోనూ అది ఒక్క రోజు ఆగలేదట.

రోడ్డు అవతల నిలబడి మెట్ల వైపు చూశాను. చేతిలో కండక్టరు ఇచ్చిన పేపరు. చాలాసేపు ఏదో తేడాగా ఉందనిపించింది గానీ ఏమిటో తెలియలేదు. అప్పుడు ఒక ముసలాయన మెట్లెక్కుతూ ఇనుప కమ్మీ పట్టుకున్నాడు. కమ్మీ ఒక్క పక్కే ఉంది. కుడి పక్క. రాతిలో సీసం పోసి పాతింది, ఎవరూ పీకి అటు పెట్టింది కాదు. పేపర్లో అది ఎడమ పక్క ఉంది.

ఇంటికి వచ్చి అద్దం ముందు పేపరు పట్టుకున్నాను. అద్దంలో కమ్మీ కుడి పక్కకి వచ్చింది. గడియారం మూడూ నలభై అయింది.

ఫోటో తిరగబడింది. పేర్లు మాత్రం తిరగబడలేదు.

ఆల్బం తీశాను. తాతయ్య పదవీ విరమణ ఫోటో మిగతావాటికంటే ఎత్తుగా ఉంటుంది. చిన్నప్పటినుంచీ దాని మీద వేలు పెట్టి నొక్కేదాన్ని. మూలలు ఊడదీస్తుంటే అమ్మ వచ్చి, "అది తియ్యొద్దని నాన్న చెప్పాడే" అంది. ఎందుకని అడిగితే, "నేనడగలేదు, ఆయన్ని ఏదైనా అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు" అంది. దాని వెనక ఇంకో ఫోటో ఉంది. అసలు ఫోటో. కమ్మీ కుడి పక్క. గడియారం మూడూ నలభై. వెనకాల పెన్సిలుతో ఎడమ నుంచి అని పేర్లు, మొదట దర్జీ. ఎడమ చివర మనిషి నేల మీద నిలబడి ఉన్నాడు. కుడి చివర మనిషి పైమెట్టు మీద, చేతిలో కవరుతో ఉన్నాడు. అక్కడ ఉన్న పేరు మన తాతయ్యది.

అమ్మ చాలాసేపు చూసి, "ఆ మెడ మా నాన్నదే" అని లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులుగా నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు.

ఇప్పుడు మీరు చెప్పాలి. బ్లాకు మీరు తీశారు. ఫోటో మీరు కోశారు. మచ్చ మీకు తెలుసు. తండ్రిని కాపాడటానికి కావాలని తిప్పారా? తాతయ్యే తిప్పమన్నాడా? ఒక్క రేకు తిప్పి ఒక మనిషిని ఊరవతలికి తోసేశారా?

ప్రదర్శనలో ఆ ఫోటో కింద పేర్లు రాయాల్సింది నేను. ఏ వీపు కింద ఏ పేరు రాయమంటారు?

ఇట్లు, 
లైబ్రరీ, పాత పేపర్ల విభాగం

*

జూలై 19

చీమా,

"మావయ్య గారికి" అని రాశావు. మీరు అన్నావు. నువ్వు పుట్టిన మూడో రోజు నుంచీ నిన్ను ఎత్తుకున్నవాణ్ణి. ఆ ఒక్క అక్షరంతో నన్ను గుమ్మం బయట నిలబెట్టావు. నిలబెట్టాల్సిందేలే. అక్కడినుంచే చెబుతాను.

ముందు పని ఎలా జరిగేదో చెప్పాలి, లేకపోతే నీకు అర్థం కాదు. ఫోటోని ఫిల్ము మీదికి ఎక్కించి, ఆ ఫిల్ముని మందు పూసిన జింకు రేకు మీద పరిచి, వెలుతురు చూపించి, తర్వాత రేకుని ఆసిడ్లో వేస్తాం. ఫిల్ము ఒక పక్క మెరుస్తుంది, ఒక పక్క మసకగా ఉంటుంది. ఏ పక్క రేకుకి ఆనాలో వేళ్ళకి తెలిసిపోతుంది. సరిగ్గా వేస్తే రేకు మీద బొమ్మ తిరగబడి వస్తుంది, కాగితం మీద తిన్నగా పడుతుంది. రబ్బరు ముద్ర కూడా అంతే కదా. నా బతుకంతా తిరగబడ్డ అక్షరాలు చదవడమే.

ఆ రోజు ఆరింటికల్లా పేజీ సిద్ధం కావాలి, బస్సులకి కట్టలు అందాలి. ఫోటో అయిదింటికి వచ్చింది. తొందరలో ఫిల్ము అటుది ఇటు వేశాను. కావాలని కాదు. నీ మీద ఒట్టు. నాకప్పటికి ఇరవై నాలుగేళ్ళు, అంతకుముందు ఆ తప్పు ఒక్కసారి కూడా చెయ్యలేదు. రేకు కడిగి చూసేసరికి గుమ్మం మీది బోర్డు కనపడింది. "జిల్లా కార్యాలయం" అని తిన్నగా, ఇంట్లో కూర్చుని పుస్తకం చదివినట్టు చదవగలిగాను. మా పనిలో రేకు మీద అక్షరాలు తిన్నగా కనపడ్డాయంటే కొంప మునిగినట్టే.

ఇంకో బ్లాకు తియ్యాలంటే గంట పడుతుంది. మెషినాయన నా పేరు పెట్టి అరుస్తున్నాడు. ఉలి తీసుకుని బోర్డు మీది అక్షరాలు గీకేశాను. వీపులే కదా, మెట్లే కదా, ఎటున్నా ఒకటే అనుకున్నాను. గడియారం నా బుర్రకి తట్టనే లేదు. కింద పేర్లు రాసేది వేరే గదిలో వేరే మనిషి. అతను ఫోటోగ్రాఫరు చీటీ చూసి ఎడమ నుంచి కుడికి అని రాసి పంపాడు. ఒకరి పని ఇంకొకరు చూసుకునే తీరిక ఆ పేపర్లో ఎవరికీ లేదు.

తప్పు అంతవరకే అయితే ఈ ఉత్తరం రాయక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే ఊళ్ళోంచి ముప్ఫై ఒక్కమందిని తీసుకెళ్ళారు. ఆ వెనకాలే పేపరు వచ్చింది. నాన్న వీపు నాకు తెలియదా? చూడగానే అర్థమైంది. పేపరు పట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను. "నాన్నా, బ్లాకు తిరగబడింది. పేర్లు తారుమారయ్యాయి. రేపటి పేపర్లో సవరణ వేయిస్తాను" అన్నాను. ఆయన పేపరు అందుకుని చాలాసేపు చూశాడు. మడత పెట్టాడు. నా మొహంలోకి చూసి, "బ్లాకు చాలా బాగా వచ్చిందిరా" అన్నాడు.

చీమా, నా జన్మలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. బడిలో తప్పాను, ప్రెస్సులో చేరాను, నా మొహం చూస్తేనే ఆయనకి చిరాకు. ఆ మాట కోసం ఇరవై నాలుగేళ్ళు కాచుకున్నాను. ఆ మాట ఎందుకన్నాడో తెలిసి కూడా లోపల ఏదో పొంగింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. సవరణ వేయించలేదు. ఆయన అడిగితే అసలు ఫోటో కూడా ప్రెస్సు నుంచి తెచ్చి ఆయన చేతికే ఇచ్చాను.

కవరులో ఏముందో నేను విప్పి చూడలేదు. అంతకు ముందు రోజు పొద్దున ఆయన బల్ల దగ్గర కూర్చుని రాస్తుంటే చూశాను. హాజరు పట్టీ రాసినట్టు, అంకె వేసి పేరు, అంకె వేసి పేరు. నేను రాగానే పైన పుస్తకం పెట్టాడు. ఎన్ని వరసలో లెక్కపెట్టలేదు. ఎందుకు రాసిచ్చాడో కూడా నాకు తెలియదు. భయపడ్డాడో, ఆ కొద్దిమందితో పోతే ఊరు బతుకుతుందనుకున్నాడో. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మీ అమ్మ అన్నమాట నిజమే. ఆ రోజు ఊరి జనాన్ని ఆఫీసు వీధిలోకి రానివ్వలేదు, చూసింది ఆ అయిదుగురూ, పైఊరి ఫోటోగ్రాఫరూ అంతే. మిగతా ముగ్గురికీ కూడా తెలుసు. ఒకడి మీద పడితే నలుగురూ బయటపడతారని నోరు మూసుకున్నారు.

మీ అమ్మకి అప్పుడు పదకొండేళ్ళు. నిజం తెలిస్తే మా ఇంటి మీద రాళ్ళు పడతాయని వణికాను. ఆ రాళ్ళు దర్జీ ఇంటి మీద పడ్డాయి. నేను ఆ వీధి చివర నిలబడి చూశాను. ఆరేళ్ళ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. నెత్తురు కంట్లోకి కారుతుంటే తుడుచుకోవడం కూడా తెలియక అలాగే నిలబడింది. మచ్చ ఎలా తెలుసన్నావు. అలా తెలుసు.

పందొమ్మిదేళ్ళ కిందట ఎవరో ఉద్యమం మీద పుస్తకం రాస్తున్నారని, ఆ సంపుటం అడుగుతారని విన్నాను. వచ్చి కోసుకుపోయాను. గడియారం సంగతి ఎవరో ఒకరు పట్టేస్తారని భయం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగింది. పట్టేదానివి నువ్వవుతావని అనుకోలేదు. కండక్టరు వెనక ఎవరో ఉన్నారని రాశానే, సిగ్గులేని మాట, కొట్టేసినట్టు అనుకో.

దీనితో పాటు ఒక పెట్టె పంపుతున్నాను. జాగ్రత్తగా విప్పు, అంచులు పదును. అదే బ్లాకు. ఫోటో అచ్చయిన వారమే ప్రెస్సులో పాత రేకుల కుప్పలోంచి తెచ్చేసుకున్నాను. పారేయడానికి ఎన్నిసార్లు ఏటి దాకా వెళ్ళానో. అసలు ఫోటో చూపిస్తే, ఈ రోజుల్లో కంప్యూటర్లో ఎవడైనా తిప్పేస్తాడంటారు. రేకుని ఎవరూ తిప్పలేరు. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడు. నేను తిరగేసి తీశాను కాబట్టి కాగితం మీద పడిందంతా అబద్ధం, రేకు మీద ఉన్నది నిజం. బోర్డు గీకిన చోట నా ఉలి గాట్లు కూడా కనపడతాయి. 

దాన్ని ఆవిడకివ్వు. ఏ వీపు కింద ఏ పేరు రాయాలో నన్నడిగావు. రేకు మీద ఎలా ఉందో అలా రాయి.

నువ్వు ఇక ఎలా పిలిచినా పలుకుతాను.

మావయ్య

*

ఆగస్టు 2

మావయ్యా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. మధ్యలో ఆపమనలేదు. అంతా అయ్యాక, "వాణ్ణి మా నాన్న మెచ్చుకోవడం నాకు గుర్తుంది, ఆ రోజు వాడు అన్నం తినలేదు" అంది. ఇస్త్రీ చేయించిన చీర మళ్ళీ బీరువాలో పెట్టేసింది. నిన్నటినుంచి నాతో మామూలుగా మాట్లాడుతోంది.

భవనం కట్టించిన సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాను. ఫోటో చూపిస్తే నువ్వన్న మాటే అన్నాడు, కంప్యూటరు పని అని. రేకు బల్ల మీద పెట్టాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఊరికి మీ తాతగారు అలవాటైపోయారమ్మా, బోర్డు కూడా చెక్కడం అయిపోయింది" అన్నాడు. అయితే పేరు మార్చక్కర్లేదండీ, మెట్టెక్కనిది ఎవరో మాత్రం రాయండి అన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు. బోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. తీస్తారో లేదో నాకు తెలియదు. ప్రదర్శన గోడ మాత్రం నాది. పేపరు, అసలు ఫోటో పక్కపక్కన పెట్టాను. రెండింటి కింద పేర్లు నా చేత్తోనే రాశాను. తాతయ్య పేరు కవరు పట్టుకున్న వీపు కిందే రావాలి. రాశాను. నా ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం.

ఆదివారం కండక్టరు సెలవు రోజు. రేకు తీసుకుని వాళ్ళ గదికి వెళ్ళాను. మేడ మీద ఒకటే గది, కిటికీ పక్కన కుట్టు మిషను. ఆయన మిషను తొక్కడం మానేశాడు గానీ, గుండీలు కుట్టిపెడుతున్నాడు. కూతురి యూనిఫాం ఒళ్ళో ఉంది. నేనెవరినో ఆవిడ చెప్పింది. ఆయన తలెత్తి కూర్చోమన్నాడు. నీ ఉత్తరం మొత్తం చదివాను. నిన్ను కాపాడాలని ఒక్క ముక్క కూడా వదల్లేదు. రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వేలితో కనుబొమ్మ రుద్దుకుంటూ బయటికి చూస్తూ నిలబడింది.

తర్వాత రేకు ఆయన చేతికిచ్చాను. కిటికీ వెలుతురుకి వంచి పట్టుకున్నాడు. 

మావయ్యా, నువ్వు రావాలి. ఇది నేనడగడం కాదు, కండక్టరు అడిగింది. ఆ మెట్ల దగ్గరికి వచ్చి, నలుగురి ముందూ ఈ ఉత్తరంలో రాసింది నోటితో చెప్పాలట. మెట్టెక్కక్కర్లేదు, కింద నేల మీద నిలబడి చెబితే చాలంది. ఆగస్టు పందొమ్మిదిన మీ ఊరి మీదుగా వచ్చే పొద్దుటి బస్సులో ఆవిడదే డ్యూటీ. ఆవిడ దగ్గరే టికెట్టు తీసుకో. నీకు వినపడదని చెప్పాను. నిదానంగా మాట్లాడుతుంది.

ఆయన అన్నమాట ముందే రాద్దామనుకున్నాను, రాయలేక చివరికి వదిలాను. రేకు మీద వేలు పెట్టి, ఎడమ నుంచి ఒక్కొక్క వీపునీ తాకాడు. తన దగ్గర ఆగలేదు. చివరిదాకా వెళ్ళి తాతయ్య భుజం మీద ఆగాడు. అప్పుడన్నాడు.

"ఈ అయిదు చొక్కాలూ నేనే కుట్టానమ్మా. ఏ వీపు ఎవరిదో నన్నొక్కరూ అడగలేదు."

నువ్వు వస్తావు కదూ.

నీ చీమ